గోంగూరలో మందు దొరికిన వానాకాలం

పురుగుమందుల అవశేషాల మీద పరిశోధన మొదలుపెడుతున్నామని, నాలుగు మంచి మాటలు రాసిమ్మని ఈమధ్య ఇద్దరు విద్యార్థులు అడిగారు. మంచి మాటలు నా దగ్గర లేవు. ఢిల్లీలో ఒక కేంద్ర పరిశోధన సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కూరగాయల్లో, మట్టిలో, బోరు నీళ్లలో విషం వెతకడం నా ఉద్యోగం. ఎక్కిన మెట్లు, కప్పించుకున్న శాలువాలు చెప్పుకుంటూ కూర్చుంటే మీకు ఆవలింతలొస్తాయి, నాకూ వస్తాయి. అందుకని నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి రాస్తాను. దానివల్ల ఒక రైతు మహిళ మాట పోయింది, బేరం పోయింది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి ఏడాది పోయింది. నాకు మాత్రం వెంట్రుకంత నష్టం కూడా కలగలేదు.

విషం దొరక్కపోతే దిగులు

ముందు పని ఏమిటో చెప్పాలి. ఆకునో కాయనో మెత్తగా నూరి, ద్రావకంలో కలిపి, తడి పీల్చడానికి ఉప్పులా ఉండే ఒక తెల్లపొడి మీదుగా వడగడతాం. చివరికి మిగిలిన చుక్కను యంత్రంలోకి ఎక్కిస్తాం. యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. మందు లేకపోతే గీత చదునుగా పోతుంది. ఉంటే కొండలా పైకి లేస్తుంది. ఆ కొండను మేం పీక్ అంటాం. మా బతుకంతా పీకుల మీదే.

ఇక బయటివాళ్లకు చెప్పని సంగతి. గీత చదునుగా పోతే మాకు నీరసం వస్తుంది. జనం తినే తిండి శుభ్రంగా ఉందని తెలిసి మొహం వేలాడేసుకునే ఉద్యోగం ప్రపంచంలో ఇదొక్కటేనేమో. మా డైరెక్టర్ వరండాలో ఎదురైతే మొదట అడిగే మాట, “క్యా మిలా?” ఏం దొరికిందని. “కుఛ్ నహీ సర్”, ఏమీ లేదు అంటే, “అచ్ఛా” అని, నా భుజం మీదుగా నా వెనక వస్తున్నవాణ్ణి చూసేవాడు. పీక్ దొరికిందంటే ఆగి టీ తాగించేవాడు. ఆయన్ను తిట్టి ప్రయోజనం లేదు. ఆ టీ కోసం నేనూ లొట్టలు వేశాను.

పుచ్చు కాయలు మీరు కొంటారా?

రెండువేల దశకం మధ్యలో రజిత అనే అమ్మాయి నా దగ్గర పీహెచ్‌డీలో చేరింది. వరంగల్ దగ్గరి పల్లె. కటవారియా సరాయ్‌లో నాలుగో అంతస్తులో ఒక గది, అందులో సివిల్స్‌కు చదివే మరో ఇద్దరమ్మాయిలు. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కూరల్లోకి, మట్టిలోకి, నీళ్లలోకి ఎంత చేరుతోందో లెక్కతేల్చడం ఆమె పని. మందు కొట్టిన పొలాలు కోకొల్లలు. పోల్చి చూడటానికి మందు అసలే కొట్టని మడి ఒకటి కావాలి. దాన్ని కంట్రోల్ అంటాం. అదెక్కడా దొరకలేదు. మందు కొట్టొద్దంటే రైతులు మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసేవాళ్లు.

చివరికి దాద్రీ దాటాక ఒక పల్లెలో కమలా దీదీ దొరికింది. నలభై ఏళ్ల మనిషి. భర్త లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు కూడా ఇంట్లో ఉండడు. కౌలు పొలం ఒంటిచేత్తో చేసుకునేది. మేం చెప్పిందంతా విని ఒకటే ప్రశ్న వేసింది. “దవాయీ నహీ డాలూంగీ, తో కీడా లగేగా. కీడేవాలీ సబ్జీ ఆప్ ఖరీదోగే?” మందు కొట్టకపోతే పురుగు పడుతుంది, ఆ పుచ్చు కాయలు మీరు కొంటారా అని. మా ప్రాజెక్టు కాగితాల్లో ఈ ప్రశ్నకు జాగా లేదు.

జవాబు మా ఆవిడ చెప్పింది. ఆమె కేంద్ర ప్రభుత్వోద్యోగి. సరోజినీ నగర్‌లో మేముండే క్వార్టరు ఆమె పేరు మీదిదే, నేను అందులో ఉచితంగా కాపురం చేసేవాణ్ణి. “పుచ్చు వంకాయ ఎవరూ కొనరు గానీ, చిల్లులు పడ్డ గోంగూరైతే మనవాళ్లు కళ్లకద్దుకుని కొంటారండీ. ఇక్కడ దొరికి చస్తేగా” అంది. గుంటూరు నుంచి వచ్చే చుట్టాల సంచీలో గింజలు తెప్పించింది. కమలా దీదీ మడిలో సగం గోంగూర, సగం బెండ వేసింది. మందు కొట్టనని మాట ఇచ్చింది, కాగితం మీద వేలిముద్ర వేస్తానని కూడా అంది. అక్కర్లేదు, మాట చాలు అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం పెద్దమనిషిలాగే అన్నాను.

ఆదివారం పొద్దున్నే పాల టెంపోలో రెండు గోతాలతో క్వార్టర్లకు వచ్చేది. అరగంటలో గోతాలు ఖాళీ. “కొండ గోంగూరేనా, ఎర్రకాడేనా?” అని మన ఆడవాళ్లు తెలుగులోనే అడుగుతుంటే, “ఎర్రకాడ! ఖట్టా! మస్త్!” అని అరిచేది, భలే పులుపని. బెండకాయల్లో పుచ్చులు ఏరి చూపించి మరీ అమ్మేది. “దేఖో, కీడా హై. దవాయీ నహీ హై.” పురుగుంది కాబట్టి మందు లేదని. మా సంస్థ రైతులకు వేసి పంచిన రంగురంగుల కరపత్రాల కంటే ఆ ఒక్క ముక్క ఎక్కువమందికి అర్థమైంది.

నా థీసిస్ చదివిన పాఠకులు

ఆ వానాకాలంలో నా గది బీరువాలో చెదలు పట్టాయి. బీరువాలో నా సొంత పీహెచ్‌డీ థీసిస్ ఉంది. పట్టుకుంటే అట్ట మాత్రం చేతికొచ్చింది. లోపలంతా మట్టి. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివిన ప్రాణులు అవే. గౌరవించాల్సింది పోయి ఒళ్లు మండిపోయింది నాకు. వెంటనే చెదల మందు కొట్టించమని కాగితం పెట్టాను. ఆఫీసువాళ్లు తెచ్చిన ఫారం మీద మందు పేరుతో సహా రాసి ఉంది. చదవకుండా సంతకం చేశాను. సీసా మీది చీటీ చదవకుండా మందు కొనకండని ఊరూరా తిరిగి రైతులకు ఉపన్యాసాలిచ్చింది నేనే.

శనివారం ఇద్దరు మనుషులు డ్రిల్లుతో వచ్చి గోడ వెంబడి చిల్లులు పెట్టి, మందు పోసి, సిమెంటు మెత్తి వెళ్లారు. ఆ గోడకు ఇటు నా గది, అటు రజిత పనిచేసే ల్యాబ్. సోమవారం ఆ అమ్మాయి, “ఏందో వాసనొస్తుంది సార్” అంది. “వానాకాలం కదమ్మా, గోడలు నెమ్మెక్కాయి” అన్నాను. రసాయనశాస్త్రంలో నా ముక్కుకున్న పరిజ్ఞానం అంత.

మొహం మీద పీకులు రావు

ఆ వారమే కంట్రోల్ మడి గోంగూర యంత్రంలో నడిపాం. ఎప్పుడూ చదునుగా వచ్చే గీత కొండలా లేచింది. క్లోర్‌పైరిఫాస్. ఒక్కదాంట్లో కాదు, నడిపిన ప్రతి శాంపిల్‌లోనూ.

మీకు సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. పది రోజుల్లో డైరెక్టర్ రివ్యూ మీటింగ్ ఉంది. “మందు కొట్టనన్న పొలంలోనూ మందు” అని స్లైడు శీర్షిక అప్పుడే మనసులో తయారైపోయింది. రజిత మాత్రం ఆ కాగితాలను వరసగా పరిచి చాలాసేపు చూసింది.

“సార్, అన్నిట్ల ఒక్కతీరుగనే వస్తుంది సార్. నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు.”

“ఒక్కతీరుగా వస్తే ఏం?”

“పొలంల కొడితె ఒక ఆకు మీద ఎక్కువ పడతది, ఒక ఆకు మీద తక్కువ పడతది గద సార్. ఇట్ల కొలిచినట్టు ఎట్లొస్తది? ఒక్కసారి బ్లాంక్ నడుపుదాం సార్.”

బ్లాంక్ అంటే ఆకు వెయ్యకుండా, మిగతా పనంతా యథాతథంగా చేసి చూడటం. పప్పు వెయ్యకుండా కుండలో ఒట్టి నీళ్లు మరిగించి రుచి చూస్తే, ఉప్పు కుండకే అంటుకుని ఉందో లేదో తెలుస్తుంది కదా, అంతే. ప్రతి వాయికీ ఒకటి నడపాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాల్లో ఒకటి నేనే క్లాసులో చెప్పేవాణ్ణి.

“ద్రావకం ఎంత మిగిలింది?” అన్నాను.

“లీటరున్నర ఉంది సార్.”

“రివ్యూకి ఇంకా పది శాంపిళ్లున్నాయి. పోయిన నెల బ్లాంక్ శుభ్రంగానే వచ్చిందిగా. ఉన్న కాస్తా బ్లాంకుల పాలు చేస్తే ఎట్టాగమ్మా? ఒక్కతీరుగా వచ్చిందంటే ఆవిడ శ్రద్ధగా కొట్టిందన్నమాట.”

నా హాస్యానికి నేనే నవ్వాను. రజిత నవ్వలేదు. “సరే సార్” అని వెళ్లిపోయింది. గైడ్ అన్నవాడి ముందు విద్యార్థి “సరే” అంటే ఒప్పుకున్నట్టు కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పీహెచ్‌డీ పూర్తి కావాలంటే గైడ్ సంతకం కావాలి. ఆ సంతకం భయంతో ఎన్ని మంచి ప్రశ్నలు మా ల్యాబుల్లో నోట్లోనే చచ్చిపోయాయో.

ఆ సాయంత్రం ఇంట్లో నోరు జారాను. మా ఆవిడ నమ్మలేదు. “ఆవిడ మొహం చూస్తే అబద్ధమాడే మనిషిలా లేదండీ” అంది. “మొహం మీద పీకులు రావు” అన్నాను. ఆ మాట మా ఇంట్లో తర్వాత చాలా కాలం నన్ను పొడవడానికి పనికొచ్చింది. అప్పటికి మాత్రం ఆమె నా చదువుకు విలువిచ్చి ఇరుగుపొరుగుకు చెప్పింది. చెప్పకుండా ఎలా ఉంటుంది? పసిపిల్లలున్న ఇళ్లు, ఆ గోంగూర కొనిపించింది తనే.

ఆదివారం కమలా దీదీ వచ్చింది. గోతాలు విప్పింది. ఎవరూ దిగిరాలేదు. పై అంతస్తు మూర్తి గారి అమ్మాయి బాల్కనీలోంచి, “మమ్మీనే మనా కియా హై, ఆంటీ” అంది, అమ్మ వద్దందని. ఇక నేను దిగక తప్పలేదు.

“దీదీ, జాంచ్ మే దవాయీ నిక్లీ హై” అన్నాను. పరీక్షలో మందు తేలిందని.

ఆమె నా వంక, గోతాల వంక చూసింది. “మైనే నహీ డాలా, డాక్టర్ సాబ్.” నేను కొట్టలేదని.

“పక్క పొలంవాళ్లు కొట్టినప్పుడు గాలికి వచ్చిందేమో.”

“ఉధర్ తో గన్నా హై. కౌన్ డాలేగా?” పక్కనంతా చెరకు, ఎవరు కొడతారని. తర్వాత గొంతు తగ్గించి మళ్లీ అదే మాట అంది. “మైనే నహీ డాలా.”

“మషీన్ ఝూఠ్ నహీ బోల్తీ, దీదీ” అన్నాను. యంత్రం అబద్ధం చెప్పదని. నా మొహానికి తోడు చిన్న జాలి నవ్వొకటి. దొంగను పట్టుకుని క్షమించేసిన దొరగారి నవ్వు. ఆమె గోతాలు కట్టుకుంది. మా ఆవిడ గబగబా వెళ్లి నాలుగు కట్టలు తీసుకోబోతే, “రహ్‌నే దీజియే” అని వద్దని చెప్పి టెంపో ఎక్కింది.

ఏ ఊరి శాంపిలూ కాదు

రివ్యూ దివ్యంగా జరిగింది. డైరెక్టర్ అందరి ముందూ “వెరీ గుడ్” అన్నాడు, టీతో పాటు సమోసా కూడా వచ్చింది. రైతులను నమ్మి పరిశోధన చెయ్యడం ఎంత కష్టమో నేను చిన్నసైజు ప్రవచనం చెప్పాను. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఊరికే అన్నారా?

మూడో రోజు రజిత ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అదే పీక్, అదే ఎత్తు.

“ఇది ఏ ఊరిదమ్మా?”

“ఏ ఊరిదీ కాదు సార్. దీంట్ల ఆకే లేదు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పింది. పక్క ల్యాబ్‌లో ద్రావకం అడిగి తెచ్చుకుని, నాకు చెప్పకుండా బ్లాంక్ నడిపింది. పీక్ వచ్చింది. ద్రావకాన్ని విడిగా చూసింది, శుభ్రం. వడగట్టే దూదిని చూసింది, శుభ్రం. చివరికి తడి పీల్చే తెల్లపొడి దగ్గర దొరికింది. కరెంటు కోతల వల్ల ఆ పొడిని నెలకోసారి కాల్చి, వదులు మూత డబ్బాలో పోసుకునేవాళ్లం. ఆ డబ్బా ఉన్న అలమర గోడకు ఆనుకుని ఉంది. అలమర వెనక సిమెంటు మెత్తిన చిల్లులున్నాయి. చెదలకు పోసిన మందు పేరేమిటో ఆఫీసులో ఫారం తీయించి చూసింది. క్లోర్‌పైరిఫాస్. కింద సంతకం నాది.

“నాకు చెప్పకుండా చెయ్యమని నీకెవరు...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. అరవడానికి కూడా మొహం ఉండాలి.

మీరు అనుకుంటున్నారేమో, ఈయన వెంటనే లేచి తప్పు ఒప్పుకున్నాడని. లేదు. ఒక రోజంతా ఆలోచించాను. పొడి పారేసి కొత్తది తెప్పిస్తే సరిపోతుంది, వచ్చే వాయి నుంచి గీత చదునుగా వస్తుంది, “మా సలహాతో రైతు మందు మానేసింది” అని ఇంకో స్లైడు కూడా వేసుకోవచ్చు. ఇంత నీచమైన ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మర్నాడు రజిత ఒకే ప్రశ్న అడిగింది. “ఆ దీదీకి ఏం చెప్దాం సార్?” చెబుదామా వద్దా అని అడగలేదు.

డైరెక్టర్‌కు చెప్పాను. కొంప మునుగుతుందనుకున్నాను, ఆయన కాగితాల్లోంచి తల కూడా ఎత్తలేదు. “ఛోడో యార్, అగ్లీ బార్ హటా దేనా.” వచ్చేసారి ఆ స్లైడు తీసెయ్యి, అంతే. క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి తప్పు మా ల్యాబ్‌దేనని చెప్పాను. కాఫీలిచ్చారు, పాపం, విన్నారు. “ఎందుకొచ్చిన గొడవలెండి అన్నయ్యగారూ, మార్కెట్లో పాలకూర తెచ్చుకుంటున్నాంగా” అన్నారు మూర్తి గారి భార్య. ఆ పాలకూర మీద ఎవరు ఏం కొట్టారో నాకు తెలుసు. చెబితే మాత్రం నమ్మేదెవరు? నా అదృష్టం, మా ఆవిడ సామెతతో సరిపెట్టింది. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ పిల్ల పట్టింది.”

రజిత తన థీసిస్‌లో ఈ కథంతా ఒక అధ్యాయంగా రాసింది. “నా పేరు ఉండాలా?” అని అడిగాను. “ఫారం మీద ఉన్నది గద సార్” అంది. కంట్రోల్ మడి చేజారడంతో మళ్లీ వేరే ఊళ్లో వెతుక్కుని, ఇంకో పంట పండేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆమె దగ్గరా విద్యార్థులున్నారు. మొదటి రోజు వాళ్ల చేత ఆకు లేని శాంపిలే నడిపిస్తుందట.

దాద్రీ దారి

కమలా దీదీకి చెప్పడం మాత్రం ఆలస్యమైంది. వాన అన్నాను, జీపు రిపేరన్నాను, మీటింగ్ అన్నాను. ఇలా మూడు వారాలు గడిపాను. ఇవన్నీ నిజాలే, అసలు నిజం భయం. ఆమె ఆదివారాలు రావడం మానేసింది. చివరికి మా ఆవిడ, “మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?” అనేసరికి బయల్దేరాను.

మడిలో గోంగూర లేదు. పీకి గట్టు మీద వేసింది, ఎండిపోయి ఉంది. మిగతా సగంలో బెండ ఉంది. ఆకుల మీద ఒక్క చిల్లు లేదు. కాయలు నిగనిగలాడుతున్నాయి. ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని కాయలు తెంపుతోంది. నన్ను చూసి పని ఆపలేదు.

గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. గోడ, చెదలు, పొడి, సంతకం అన్నీ. నా హిందీ ఎప్పుడూ అంతంతమాత్రమే, ఆ రోజు మరీ. తప్పు నాదని, ఆమె మందు కొట్టలేదని తేలిందని చెప్పాను. క్వార్టర్లవాళ్లకూ చెప్పానని, మళ్లీ గోంగూర వెయ్యమని అడిగాను.

“ముఝే తో పతా థా” అంది. నాకు ముందే తెలుసుగా అని.

ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది. నా తప్పు బయటపడిందన్నది నాకు వార్త. ఆమెకు అందులో కొత్తేముంది?

“ఔర్ అబ్?” మరి ఇప్పుడో అన్నాను బెండ మొక్కలను చూపిస్తూ.

“నహీ డాలా, తబ్ భీ బోలే డాలా హై. తో అబ్ డాల్ దియా.” కొట్టనప్పుడూ కొట్టావన్నారు. అందుకే ఇప్పుడు కొట్టాను. “మండీవాలే కుఛ్ నహీ పూఛ్‌తే.” మండీలో టోకున కొనేవాళ్లు ఏమీ అడగరు.

నేను ఏదో అనబోయాను. క్షమించమనే అనబోయాననుకుంటా. ఆమె తట్టలోంచి దోసెడు బెండకాయలు తీసి, నా చేతిలో ఉన్న శాంపిల్ సంచీ మూతి తెరిచి అందులో పోసింది.

“లే జాఇయే, డాక్టర్ సాబ్. ఇస్ బార్ మషీన్ సచ్ బోలేగీ.” పట్టుకెళ్లండి, ఈసారి మీ యంత్రం నిజమే చెబుతుందని.

తెచ్చి రజితకిచ్చాను. ఎవరు కోశారో చెప్పాను, ఇంకేమీ చెప్పలేదు. ఆమె ముందు బ్లాంక్ నడిపింది. గీత చదునుగా పోయింది. తర్వాత బెండకాయలు నడిపింది. పక్కన నిలబడి చూస్తూ, జీవితంలో మొదటిసారి పీక్ రాకూడదని కోరుకున్నాను. గీత కాసేపు చదునుగా సాగి, పైకి లేచింది.